బుజ్జిగాడికి చేప పెట్టే ముందు

అమ్మడూ,

బుజ్జిగాడికి చేప ఎప్పుడు, ఎలా పెట్టాలని నిన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి సగమే చెప్పగలిగాను. వాడి ఏడుపులో నీకు ఆ సగమూ వినపడి ఉండదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఆరు నెలలు నిండాయి, మెడ నిలబెడుతున్నాడు, ఉగ్గూ మెత్తటి పప్పన్నమూ తింటున్నాడు. ఇక చేప పెట్టొచ్చు. ఏడాది నిండేదాకా ఆగమన్నారని వదినగారి మీద విసుక్కోకు. ఒకప్పుడు డాక్టర్లే అలా చెప్పేవారు. ఆలస్యం చేసినంత మాత్రాన ఎలర్జీ రాకుండా ఉండదని తర్వాత తెలిసింది. ఆరు నెలలు దాటాక తల్లిపాలలో ఉండే ఇనుము పిల్లలకి చాలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలలు దాటిన ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఊళ్లోని ఆరోగ్య సబ్ సెంటర్‌లో పనిచేసినన్నాళ్లూ నేను చూసిందీ అదే. ఇంటి వెనకే చేపల చెరువు, ఒళ్లో పాలిపోయిన బిడ్డ! చేపలో ఇనుము మేకమాంసంలో ఉన్నంత ఉండదు గానీ, ఉన్నది ఒంటికి బాగా పడుతుంది. పప్పులో ఉన్న ఇనుము పట్టడానికీ సాయం చేస్తుంది. బీ12, అయోడిన్, మెదడుకి కావలసిన కొవ్వు అదనం.

అల్లుడుగారికి రొయ్యలు పడవు కాబట్టి వాడికి చేప పడదేమోనని నీ టెన్షన్. రొయ్యల్లో ఎలర్జీ తెచ్చే ప్రొటీను వేరు, చేపల్లోది వేరు. రొయ్యలు పడనివాళ్లు చాలామంది చేపలు హాయిగా తింటారు. అయితే వాడికి ఎగ్జిమా (చర్మం ఎర్రబడి, పొడిబారి దురద పెట్టడం) తీవ్రంగా ఉన్నా, గుడ్డు లాంటిదేదైనా పడకపోయినా ముందు పిల్లల డాక్టర్ని అడుగు. చేప తిని పాలు తాగితే బొల్లి వస్తుందన్న మాట మాత్రం అసలు పట్టించుకోకు. బొల్లి అలా రాదు. చేప తిన్నాక నిశ్చింతగా పాలివ్వు.

నువ్వు భయపడాల్సింది ముళ్ల గురించి. శీలావతి, బొచ్చె మనకి ఎంత ఇష్టమైనా, వాటి కండలో సన్నటి చీలిక ముళ్లుంటాయి, తోక వైపు మరీను. పులస సంగతి చెప్పనే అక్కర్లేదు, అది పెద్దవాళ్లే జాగ్రత్తగా తినాలి. వాడికి కొరమీను తీసుకో. నడిమి ముల్లు తీస్తే దాదాపు అంతా కండే. అది గాలి పీల్చే చేప కాబట్టి తొట్టెలో బతికుండగానే అమ్ముతారు, తాజాదా కాదా అన్న అనుమానమే ఉండదు. మీ రాంనగర్ మార్కెట్‌లో దొరుకుతుంది. చందువా, పండుగప్ప కూడా మంచివే. అవి ఐస్‌లో ఉంటాయి కాబట్టి మొప్పలు ఎత్తి చూడు, ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడకూడదు. కానాగంతలు ఎండలో పెట్టి అమ్ముతుంటే ముట్టుకోకు. సరిగ్గా ఐస్‌లో ఉంచకపోతే వాటిలో హిస్టమిన్ అనే హాని చేసే పదార్థం తయారవుతుంది, ఎంత ఉడికించినా పోదు. తిన్నాక ఒళ్లు ఎర్రబడితే ఎలర్జీ అనే అనుకుంటాం.

నువ్వు బాలింతగా ఉన్నప్పుడు పాలసొర పుట్టు వండిపెట్టాను కదా, వాడికీ అదే పెడదామనుకోకు. సొర, కొమ్ముకోనెం లాంటి వేటచేపల్లో పాదరసం చేరుతుంది, చేప పెద్దదయ్యేకొద్దీ ఎక్కువ. అదీ వండితే పోయేది కాదు. ఎండుచేపలూ వద్దు, ఉప్పు ఎక్కువ.

వండడం తేలిక. ముక్కని ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించు. లోపల కూడా తెల్లగా మారి, పొరలు పొరలుగా విడిపోవాలి. చిటికెడు పసుపు చాలు. ఉప్పు, కారం, చింతపండు ఇప్పుడొద్దు. చల్లారాక స్పూన్‌తో కాదు, కడుక్కున్న వేళ్లతో కొంచెం కొంచెంగా నలుపు. కంటికి కనపడని ముల్లు వేలికి తగులుతుంది. రెండోసారి కూడా నలిపి చూడు. తర్వాత వాడికి అలవాటైన అన్నంలోనే కలుపు. పులుసు నీళ్లు తాగించి చేప తినిపించాననుకోకు, కండ తింటేనే లెక్క.

మొదటిసారి పొద్దున పూట పెట్టు, జలుబూ జ్వరమూ లేని రోజున. ఆ రోజు ఇంకే కొత్త పదార్థమూ వద్దు. వేలి చివరంత పెట్టి కాసేపు చూసి, బాగుంటే ఇంకొంచెం. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి సాధారణంగా రెండు గంటల్లోపే కనిపిస్తాయి. దద్దుర్లు కొద్దిగా వస్తే ఆపేసి డాక్టరుకి ఫోన్ చెయ్యి. దగ్గుతూ ఊపిరి అందకపోయినా, నాలుక వాచినా, ఒళ్లు వేలాడేసినా ఎవర్నీ అడగొద్దు, 108కి చెయ్యి. కొంతమంది పిల్లలకి దద్దుర్లే ఉండవు. ఒకటి నుంచి నాలుగు గంటల తర్వాత వాంతి మీద వాంతి చేసుకుని, పాలిపోయి, నీరసించిపోతారు. దాన్ని అజీర్ణం అనుకుని ఇంట్లో కూర్చోకు, ఆసుపత్రికి తీసుకెళ్లు. అవేవీ లేకపోతే మూడు రోజులాగి మళ్లీ పెట్టు. ఆ తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు అలవాటు చెయ్యి.

కూర్చోబెట్టే తినిపించు, పడుకోబెట్టి వద్దు. ముల్లు గుచ్చుకుందని అనుమానం వస్తే అన్నం ముద్దలు మింగించకు, నోట్లో వేలు పెట్టి వెతక్కు. ఏడుస్తూ, దగ్గుతూ ఉన్నాడంటే గాలి ఆడుతున్నట్టే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. గొంతు పెగలకపోతే మాత్రం బోర్లా ముంజేతి మీద వేసుకుని, తల కిందికి ఉంచి, రెక్కల మధ్య అరచేత్తో ఐదుసార్లు చరచాలి. ఫలితం లేకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఒక అరచేతి అడుగుభాగంతో ఐదుసార్లు నొక్కి, మళ్లీ చరచాలి, 108కి ఇంకొకరిని చెయ్యమనాలి. అల్లుడుగారికీ ఇది నేర్పు.

మీ నాన్న ఆదివారం బస్సులో కొరమీను పంపిస్తానని కూర్చున్నారు. రాత్రంతా బస్సులో వచ్చిన చేప వాడికొద్దని చెప్పాను, నా మాట వినేలా లేరు. వస్తే మీరిద్దరూ పులుసు పెట్టుకోండి, వాడికి మాత్రం అక్కడే కొను.

ఇట్లు,
మీ అమ్మ