స్ప్రే కొనకే, ముందు చాప ఎత్తు

ఒసేయ్ దొరసానీ,

జవాబు రాయడం ఆలస్యమైంది. ఎంత తిట్టుకుంటావో తిట్టుకో, అయ్యాక చదువు. ఇక్కడ అందరం కులాసా. జలుబులు వచ్చిపోయాయి, కొత్త కర్టెన్లు వచ్చాయి, మిగతా సంగతులు ఫోన్లో. నీ ఉత్తరం చివరి వాక్యం చదివిన దగ్గర్నుంచీ నాకు చెయ్యి ఆగడం లేదు. "పిల్లల్ని చేర్పించడానికి తల్లిదండ్రులు చూడ్డానికొస్తున్నారు, డేకేర్ గది ఘుమఘుమలాడేలా మంచి స్ప్రే ఏదైనా చెప్పు" అన్నావు చూడూ, అదీ!

స్ప్రే వద్దే తల్లీ. ఉచ్చ వాసన మీద గులాబీ స్ప్రే కొడితే గులాబీ ఉచ్చ వాసన వస్తుంది, అంతే. నెలల పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్ళ ముక్కులు మామూలు ముక్కులు కావు. గుమ్మంలోనే సెంటు గుప్పుమంటే "లోపల ఏదో దాస్తున్నారు" అని కళ్ళతోనే మాట్లాడుకుంటారు. ఫినాయిలు కంపు కొట్టినా అదే అనుమానం. పైగా ఆ స్ప్రేలు ఆయాసం ఉన్న పిల్లలకు పడవు. మంచి డేకేర్‌కి అసలు ఏ వాసనా ఉండకూడదు. నా మాట మీద నమ్మకం లేకపోతే మన పిల్లి మేనేజరుగారిని అడుగు, మీసాలు విదిలించి మరీ చెబుతుంది.

చిక్కేమిటంటే ఆ వాసన నీకు తెలియదు. రోజంతా అందులోనే ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది. అందుకని పొద్దున్నే కిటికీలు తెరవకముందే బయటికెళ్ళు. పావుగంట బయటి గాలిలో తిరిగొచ్చి, తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడి మొదటి ఊపిరి పీల్చు. రెండో ఊపిరికే ముక్కు మళ్ళీ సర్దుకోవడం మొదలుపెడుతుంది, కాబట్టి ఆ మొదటిదాన్నే నమ్ము. రాత్రంతా మూసి ఉన్న గది కాబట్టి ఏదీ దాగదు. ముసురు పట్టిన రోజైతే ఇంకా మంచిది. ఎండిపోయిన ఉచ్చలోని లవణాలకు తేమ తగిలితే వాసన మళ్ళీ లేస్తుంది. "నిన్న లేదే, ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చింది" అని నువ్వు అనేది దాని గురించే.

ఇప్పుడు అసలు దొంగ. ముక్కలు ముక్కలుగా కలిపే రంగురంగుల ఫోము చాప ఉంది కదా, దాని కిందకి చూశావా? ఫోము నీళ్ళు పీల్చదు. అందుకే పైన గుడ్డతో తుడిస్తే తళతళలాడుతుంది, నువ్వు సంతోషపడిపోతావు. కానీ ముక్కకీ ముక్కకీ మధ్య ఆ పళ్ళ అతుకులున్నాయే, ఉచ్చా, కక్కిన పాలూ అక్కణ్ణుంచి కిందికి దిగిపోతాయి. కిందికి దిగింది పైకి రాదు, గాలి తగలదు, ఆరదు. ఒక మూల ముక్క పట్టుకుని లాగి చూడు. వెనకవైపు అతుకు వెంబడి పసుప్పచ్చ గీత, దానికి అంటుకుని వెంట్రుకలు, ఇసుక, పక్కన నల్లటి బూజు చుక్కలు, కింద నేల మీద చాప పళ్ళ ఆకారంలోనే జిగురు మరక కనిపిస్తాయి. చూడ్డానికొచ్చిన వాళ్ళ బిడ్డ చాప మీద కూచోగానే చేసే మొదటి పని ఆ అతుకులో వేలు పెట్టి ముక్క పీకడం. ఏ బిడ్డయినా అంతే. ఇక చూసుకో!

కాబట్టి వారానికొకసారి చాపంతా ఎత్తాలి. తడిసిన ముక్కనైతే అప్పటికప్పుడే. సబ్బునీళ్ళతో రెండువైపులా, అతుకుల పళ్ళని పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. ఒకదాని మీద ఒకటి పేర్చకు, గోడకి ఆనించి నిలబెట్టి ఆరనివ్వు. ఎండలో వద్దు, ఫోము పెళుసుబారి రంగుపోతుంది. నీడలో గాలి చాలు. కింద నేల కూడా పొడిగా అయ్యాకే మళ్ళీ పరువు. తడి నేల మీద పరిస్తే బూజుని నువ్వే పెంచినట్టు. అంచులు కొరికేసిన ముక్కలు కనిపిస్తే మొహమాటం లేకుండా పారెయ్. ఆ కొరికిన తునక ఇంకో బిడ్డ గొంతులో పడుతుంది.

గుడ్డ పరుపు మీదో, తివాచీ మీదో ఒంటికి పోశారనుకో, అప్పుడు వరస ముఖ్యం. ముందు పొడిగుడ్డతో అద్దు, రుద్దకు. రుద్దితే లోపలికి పోతుంది. తర్వాత చన్నీళ్ళు. వేణ్ణీళ్ళు, ఆవిరి మిషను వద్దు, వేడికి మరకా వాసనా అక్కడే పట్టేస్తాయి. పాలకీ నెత్తురుకీ కూడా ఇదే. ఆ తర్వాత ఎంజైము క్లీనరు, అంటే ఉచ్చలాంటి మరకల్ని విరగ్గొట్టే ఎంజైములున్న ద్రవం. పైపైన చిలకరించి తుడిచెయ్యడం కాదు, ఉచ్చ ఎంత లోతుకి దిగిందో ఆ నీళ్ళూ అంత లోతుకి దిగాలి. సీసా మీద రాసినంతసేపు తడిగా ఉంచాలి, అప్పుడే ఆ ఎంజైములు పని చేస్తాయి. దాని మీద బ్లీచు పొయ్యకు, ఎంజైము పాడవుతుంది.

అసలు ఉచ్చ మీద నేరుగా బ్లీచు ఎప్పుడూ పొయ్యకే. ఉచ్చలో అమ్మోనియా ఉంటుంది, రెండూ కలిస్తే క్లోరమీన్ గ్యాసు లేస్తుంది. కళ్ళు మండుతాయి, దగ్గు పట్టుకుంటుంది. టాయిలెట్ క్లీనరుతోనో వెనిగర్‌తోనో బ్లీచు కలిపితే ఇంకా ఘోరం, ఏకంగా క్లోరిన్ వస్తుంది. "రెండూ కలిపితే రెట్టింపు శుభ్రం" అనే మీ పిన్నిగారి సిద్ధాంతం ఈ ఒక్క విషయంలో మరిచిపో.

బ్లీచు ఎట్లా వాడాలో కూడా చెప్పేస్తాను, లేకపోతే సగం తెలుసుకుని ఊరుకుంటావు. ముందు సబ్బుతో కడగాలి, నీళ్ళతో కడిగెయ్యాలి, ఆ తర్వాతే బ్లీచు. మురికి ఉన్నచోట పోస్తే బ్లీచు ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా వెళ్ళదు. ఇంట్లో వాడే 5 నుంచి 9 శాతం బ్లీచయితే లీటరు నీళ్ళకి 4 టీస్పూన్లు, అంటే సుమారు 20 మిల్లీలీటర్లు. నీళ్ళు మామూలువే, వేడివి కాదు. రాసిన చోట కనీసం ఒక నిమిషం తడి ఆరకూడదు. అందరూ తప్పేది ఇక్కడే! చిలకరించి వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తారు, ఇంక పడిన శ్రమంతా బూడిదలో పోసినట్టే. కలిపింది ఆ రోజుకే, మర్నాటికి బలం పోతుంది. మిగిలితే పారబోసి మళ్ళీ కలుపుకో. సీసా మీద పేరూ తేదీ రాయి, తాళం ఉన్న అలమరలో పెట్టు. తాగే నీళ్ళ సీసాలో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పొయ్యకు. ఈ పనంతా పిల్లలు వెళ్ళిపోయాక, ముందురోజు సాయంత్రమే, కిటికీలు బార్లా తీసి. చూడ్డానికొచ్చే రోజు పొద్దున గది శుభ్రానికి సబ్బునీళ్ళు, తడిగుడ్డ, పొడిగుడ్డ తప్ప ఇంకేమీ ముట్టకు, డైపరు మార్చే బల్ల ఒక్కటే మినహాయింపు.

అన్నట్టు డైపర్ల బుట్ట. రోజూ సంచి మారుస్తున్నా కంపు కొడుతోందా? మూత లోపలివైపూ, కీలు దగ్గరి సందూ, సంచి కింద అడుగూ చూడు. ఎప్పుడూ ఎవరూ కడగరు వాటిని. మూతతో సహా సబ్బుతో కడిగి బోర్లించి ఆరబెట్టు, అడుగున కాస్త వంటసోడా చల్లు. కాలితో తొక్కితే తెరుచుకునే బుట్టే వాడు, చేత్తో మూత ఎత్తేది వద్దు. దొడ్డికి వెళ్ళిన డైపర్‌లోది టాయిలెట్‌లో దులిపేశాకే బుట్టలో పడాలి.

మాపు కూడా! తడి మాపుని బకెట్లోనే నిలబెట్టి వదిలేస్తే మర్నాడు నేలంతా ముక్కిన వాసన. నువ్వేమో నేల తుడవలేదనుకుని మళ్ళీ అదే మాపుతో తుడుస్తావు. పిండి, కుచ్చు పైకి వచ్చేట్టు తగిలించాలి. బాత్రూములో ఎవరూ వాడని జాలీ ఉంటే వారానికో చెంబెడు నీళ్ళు పోస్తుండు. కింద వంపు గొట్టంలో నిలిచే నీళ్ళే మురుగు వాసనకి అడ్డం. అవి ఎండిపోతే ఎంత కడిగినా లాభం లేదు.

వాసన సంగతి అయింది. (అయిందా? దుప్పట్లు మిగిలాయి, చివర్లో చెబుతా, గుర్తుచెయ్. ఉత్తరంలో నువ్వెట్లా గుర్తుచేస్తావులే.)

ఇప్పుడు మోకాళ్ళ మీద కూచో. నవ్వకు, నిజంగానే కూచో. వచ్చిన అమ్మ నిలబడే చూస్తుందనుకుంటున్నావు, ఆవిడ నిమిషంలో బిడ్డతో పాటు నేల మీదుంటుంది. అక్కణ్ణుంచి కనిపించేది వేరే లోకం. చిన్న బల్ల అంచు కింద వేలితో తడుము, ఎండిన చీమిడి పొలుసులు తగులుతాయి. పిల్లలంతా ముక్కు తుడుచుకునేది అక్కడే. కుర్చీ కాళ్ళ చివర వెంట్రుకల ఉండలు ఉంటాయి. తినిపించే ఎత్తుకుర్చీ బెల్టులు, ఆ బకిలు సందులు చూడు, ట్రే ఊడదీసి దాని కింద గాడి కూడా. బెల్టుని గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి బ్రష్‌తో తోమాలి, పైపైన తుడిస్తే పోదు. తలుపు పిడి చుట్టూ, స్విచ్చుల చుట్టూ, గోడకి బిడ్డ చెయ్యి అందేంత ఎత్తులో ఒక జిడ్డు పట్టీ ఉంటుంది, నువ్వు నిలబడి చూస్తే కనపడదు. క్రేయాన్ గీతలకి తడిగుడ్డ మీద చిటికెడు వంటసోడా వేసి మెల్లగా రుద్దు. నేలకంటిన ఆటపిండిని తడి చెయ్యకు, పూర్తిగా ఎండనిచ్చి బ్రష్‌తో గీకితే పొడిగా రాలిపోతుంది. స్టిక్కరు జిగురుకి కాస్త వంటనూనె రాసి, ఆగి, తుడిచి, సబ్బుతో కడిగెయ్.

బొమ్మల గురించి ఒక్కమాట చెబుతా, విసుగు ముఖం పెట్టకు. అన్నీ బయట పెట్టకు. మూడోవంతు చాలు, మిగతావి లోపల పెట్టి మార్చి మార్చి తీస్తుండు. కడగాల్సినవీ తగ్గుతాయి, పిల్లలూ ఉన్నవాటితో ఎక్కువసేపు ఆడతారు. నోట్లో పెట్టుకున్న బొమ్మ వెంటనే ఒక మూత టబ్బులోకి పోవాలి. టబ్బు పిల్లలకి అందని ఎత్తులో, పైన పెద్ద అక్షరాలతో "కడగాల్సినవి" అని రాసి. దాన్ని దాచకు, అది కనిపించాలి. నేను పందెం కాస్తాను, వచ్చినవాళ్ళు మొత్తం ఇంట్లో మెచ్చుకునేది ఆ టబ్బునే. సబ్బుతో కడిగి, క్రిములు చంపే మందు దాని సీసా మీద రాసినట్టు వాడి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే బుట్టలోకి. తడివి మూత పెట్టేస్తే నాని ముక్కిన వాసనొస్తాయి. నొక్కితే నీళ్ళు చిమ్మే రబ్బరు బొమ్మలు ఉంటే కత్తెరతో ఒకదాన్ని కోసి చూడు, లోపల నల్లగా బూజు. చూశాక మిగతావి నువ్వే పారేస్తావు. గుడ్డబొమ్మలు లేబుల్ ఒప్పుకుంటే 60 డిగ్రీల్లో ఉతుకు. చిన్న ముక్కల్ని కొలిచే గొట్టం ఒకటి ఉంచుకో. లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు ఉంటుంది, అందులో పూర్తిగా పట్టిన ప్రతిదీ మూడేళ్ళ లోపు పిల్లల గదిలోంచి బయటికి.

ఇంతా చేసి ఇల్లు షోరూములా పెట్టకు మాత్రం. పిల్లలు ఆడుకుంటుంటే బ్లాకులు నేల మీద ఉండాలి, లేకపోతే "ఇక్కడ పిల్లల్ని ఆడనివ్వరు" అనుకుంటారు. చిందరవందర వేరు, మురికి వేరు. మొదటిదాన్ని క్షమిస్తారు, రెండోదాన్ని జన్మలో క్షమించరు. నడిచే దారి ఒక్కటి ఖాళీగా ఉంచు. పొద్దున పూట, చిరుతిండి అయి మూతులు తుడిచాక రమ్మను. పిల్లలు తినే వేళా, తీసుకెళ్ళే వేళా వద్దు. "బాత్రూము వాడుకోవచ్చా" అని తప్పకుండా అడుగుతారు, అదే అసలు తనిఖీ! సబ్బు, పొడి టవలు, పిల్లలు ఎక్కే పీట అన్నీ చూసుకో. డైపరు మార్చే బల్ల వంట చేసే చోటికి దూరంగా ఉందా లేదా అని కూడా చూస్తారు. వాళ్ళ ముందే మార్చాల్సి వస్తే కంగారు పడకు. కావలసినవన్నీ ముందే చేతికందేలా పెట్టుకో, ఒక చెయ్యి బిడ్డ మీద నుంచి తియ్యకు, ముందు నుంచి వెనక్కి తుడువు. అయ్యాక బిడ్డ చేతులు కడుగు, బల్ల కడిగి క్రిములు చంపే మందు రాయి, ఆఖర్న నీ చేతులు సబ్బుతో 20 సెకన్లు. బిడ్డ చేతులు కడగడం చాలామంది మర్చిపోతారు, అమ్మలు దాన్నే చూస్తారు.

శుభ్రం చేసే పట్టిక గోడకి పెట్టు, కానీ అన్ని టిక్కులూ ఒకే పెన్నుతో ఒకే పూట పెట్టినట్టుంటే అది పెట్టకపోవడమే నయం. ఎవరికి ఏది పడదో రాసిన కాగితం మాత్రం వచ్చినవాళ్ళ కంట పడకూడదు, అది వేరేవాళ్ళ బిడ్డ సంగతి. అలమర తలుపు లోపలివైపు అంటించుకో, నీకు కనపడితే చాలు.

ఆ, దుప్పట్లు! ఒక్కో బిడ్డకి ఒక్కో దుప్పటి, ఒక్కో సంచి, పేరు రాసి. కలిపి మడతపెట్టకు, ఒకరి జలుబు అందరికీ అంటుకుంటుంది. వారానికోసారి ఉతుకు, తడిసినవి ఆ రోజే. పక్కల మధ్య మూడడుగులు, టేపు పెట్టి కొలువు, కంటి అంచనా నమ్మకు. ఏడాది లోపు పిల్లల తొట్టిలో గట్టి పరుపూ, దానికి బిగుతుగా తొడిగిన షీటూ తప్ప దిండూ బొమ్మా ఏదీ పెట్టకు, వెల్లకిలా పడుకోబెట్టు. తొట్టి కమ్మీల మీద పళ్ళ గాట్లుంటే పెచ్చులు లేస్తున్నాయేమో వేలితో... అయ్యో, నా పిల్లల బృందం అప్పుడే లేస్తోంది, ఒకడు గొంతు సవరించాడు. ఇంక రాయలేనే. మూల ముక్క ఎత్తి చూసి ఏం కనిపించిందో ఇవాళే చెప్పు.

నీ
తింగరి