ఛాంబరు విప్పే ముందు ఇది చదువు, తల్లీ

చీమకుర్తి,
ఆదివారం ఉదయం

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

నిన్న ఫోనులో "కారు కింద నూనె మరక పడుతోంది నాన్నా, ఛాంబరు నేనే విప్పుతాను" అన్నావు. ఛాంబరంటే తెలుసుగా, ఇంజను అడుగున నూనె నిలిచే రేకు తొట్టి. ఆ మాటకు సంతోషమూ కలిగింది, భయమూ వేసింది. ఫోనులో సగం చెప్పి సగం మరచిపోతానని ఉత్తరం రాస్తున్నాను.

2011 వేసవిలో మన మారుతి 800 ఛాంబరు ఇంటి ముందు విప్పాం, గుర్తుందా? కర్నూలు రోడ్డు మీద లారీ నుంచి జారిపడిన రాయి బండి కింద ఠంగుమని తగిలింది. నీకప్పుడు పదేళ్ళు. నా పక్కనే గోనెసంచి మీద కూర్చుని టార్చి పట్టుకున్నావు. చెయ్యి మార్చుకున్నావే గాని వెలుగు పక్కకు పోనివ్వలేదు. ఆ రోజు చుక్క నూనె కూడా కారలేదు. కానీ మలుపు తిరిగినప్పుడల్లా నూనె డబ్బా బొమ్మ ఉన్న ఎర్ర లైటు మిణుక్కుమనేది. చూపించిన చోట "కారడం లేదుగా, నడపండి" అన్నారు. నాకు మనసొప్పలేదు. విప్పి చూస్తే, అడుగు రేకు లోపలికి సొట్టపోయి జల్లెడకు దాదాపు ఆనుకుని ఉంది. పంపు ఆ జల్లెడ గుండానే నూనె పీల్చాలి. జల్లెడకూ అడుగుకూ మధ్య ఉండే సందే కొంచెం, అదీ మూసుకుపోతే ఛాంబరు నిండా నూనె ఉన్నా ఇంజను ఎండిపోతుంది. అందుకే ముందు అడుగుతున్నాను: నీ బండికి ఎక్కడైనా దెబ్బ తగిలిందా? ఆ ఎర్ర లైటు గనక వెలిగితే ఇంటిదాకా పోనిద్దాం అనుకోకు, అక్కడే ఇంజను ఆపెయ్యి.

దెబ్బ తగలకపోతే ఛాంబరు జోలికి ఇప్పుడే వెళ్ళకు. నూనె కిందికే జారుతుంది, ఇంజను పైమూత, అదే ట్యాపెట్ కవరు, దాని ప్యాకింగ్ పోయినా, ఫిల్టరు వదులైనా చివరికి చుక్క రాలేది ఛాంబరు అంచు నుంచే. కిరోసిన్‌తో ఇంజను పక్కలు, అడుగు శుభ్రంగా తుడువు. బాగా ఆరాక కాసేపు నడిపి, పైనుంచి కిందికి చూసుకుంటూ రా. మొదట ఎక్కడ తడి కనబడితే జబ్బు అక్కడ. అలాగే కొన్ని బండ్లలో అడ్డుగా ఉన్న ఇనుప దూలం తీసి, ఇంజను కొంచెం పైకెత్తితే తప్ప ఛాంబరు బయటికి రాదు. నీది అలాంటిదైతే గ్యారేజీకి ఇచ్చెయ్యి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక బండి ఎత్తడం. జాకీ ఉన్నది ఎత్తడానికే, మోయడానికి కాదు. జాకీ మీద నిలబడిన బండి కింద తల పెట్టనని నాకు మాట ఇవ్వాలి. ఇటుకలు అసలే వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. గట్టి నేల మీద బండి బరువు మోసే ఇనుప స్టాండ్లు రెండు వేసి, వెనుక చక్రాలకు రెండు వైపులా రాళ్ళు అడ్డం పెట్టు, హ్యాండ్‌బ్రేకు లాగి తాళం జేబులో వేసుకో. ఆ తర్వాత పక్కన నిలబడి బండిని గట్టిగా ఊపి చూడు. జాకీని పొరపాటున కూడా ఛాంబరు కింద పెట్టకు, పల్చటి రేకు సొట్టపోతుంది.

నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడు దించాలి, కాలుతున్నప్పుడు కాదు. కారడం తగ్గిందని తొందరపడకు, రాత్రంతా వదిలెయ్యి. డబ్బాలో పట్టిన పాత నూనెను డ్రైనేజీలో పోయకు, పాత నూనె కొనేవాళ్ళు ఉంటారు, వాళ్ళకు ఇవ్వు.

మన బండికి చుట్టూ ఉన్నవి చిన్న బోల్టులు, 10 నంబరు బాక్స్ స్పానరుతో వచ్చేవి. అన్నీ తీశాక ఊడి పడుతుందనుకుంటావు, పడదు. పాత సీలెంట్, అంటే అతుకు కారకుండా రాసిన పేస్టు, పట్టుకుని ఉంటుంది. అక్కడే అందరికీ సహనం చచ్చిపోయి స్క్రూడ్రైవరు దూర్చి సుత్తితో కొడతారు. అంచు వంగిపోతుంది, ఛాంబరు అతుక్కునే ఇంజను అడుగు ముఖం గీసుకుపోతుంది, ఇక ఎంత పేస్టు రాసినా కారుతూనే ఉంటుంది. పల్చటి బ్లేడు ఒక మూల దూర్చి, రబ్బరు సుత్తితో పక్కల మెల్లగా తట్టుకుంటూ వెళ్ళు. ఆ రోజు నాకు ముప్పావుగంట పట్టింది.

ఛాంబరు చేతికి వచ్చాక కడిగెయ్యకు. అడుగున ఉన్న నల్లటి మడ్డిని గ్లోవ్స్ వేసుకున్న వేలితో తీసి ఎండలో పట్టి చూడు. మన ఊరి నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయే, అలా రాగిరంగో వెండిరంగో పొలుకులు మెరిస్తే బేరింగులు అరిగిపోతున్నట్టు. అప్పుడు ఛాంబరు బిగించి ఊరుకోకూడదు, ఇంజను పని తెలిసినవాళ్ళకు ఆ మడ్డి చూపించాలి.

కడిగాక అంచు చదునుగా ఉందో లేదో చూడాలి. మనం పాలిష్ పట్టిన గ్రానైట్ పలక ముక్క మీద బోర్లించి చూశాం. నువ్వు పక్క నుంచి టార్చి వేశావు, మూడు చోట్ల అంచు కింద సందు కనబడింది. ఎవరో ఎప్పుడో బోల్టులు అతిగా బిగించి రంధ్రాల చుట్టూ రేకు పైకి లేపేశారు. వాటిని తట్టి సమం చేసిన తర్వాతే పేస్టు రాశాను. నీ దగ్గర పలక లేకపోతే వంటగట్టు మీద పాత పేపరు పరిచి చూసుకో.

పాత సీలెంట్ రెండు వైపులా పొడిగా గీకి తుడువు, నూనె తడి ఉంటే కొత్తది పట్టదు. సిలికాన్ పేస్టు మూడు మిల్లీమీటర్ల లావున, ఎక్కడా తెగకుండా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా రావాలి. లావుగా రాస్తే మేలనుకోకు, లోపలికి పిండుకున్న ముక్క ఊడి జల్లెడలో అడ్డం పడుతుంది. బోల్టులన్నీ చేత్తో తిప్పి పెట్టుకుని, మధ్య నుంచి చివరలకు రెండు మూడు విడతలుగా బిగించు. ఆ చిన్న బోల్టుకు టార్క్ స్పానరు మీద 10 న్యూటన్ మీటర్ల దరిదాపు బిగింపు చాలు, నీ బండి పుస్తకంలో అంకె వేరుగా ఉంటే అదే పాటించు. నూనె దించిన బోల్టుకు కొత్త వాషరు వెయ్యి. రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు నూనె పోసి స్టార్ట్ చెయ్యి. కొద్ది క్షణాల్లో ఎర్ర లైటు ఆరాలి. ఆరకపోతే వెంటనే ఆపు.

శనివారం మొదలుపెట్టు, సోమవారం బండి కావాలని పెట్టుకోకు. పక్కింటివాళ్ళనో, స్నేహితురాలినో దగ్గర ఉండమను, ఒక్కదానివే చెయ్యకు. బండిని స్టాండ్ల మీద కూర్చోబెట్టాక నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపు. నేను చూసి ఫోను చేశాకే కిందికి వెళ్ళు. శనివారం పొద్దున్నుంచీ ఫోను చేతిలోనే పెట్టుకుని ఉంటాను.

నాన్న