ఈసారి విత్తన పొట్టేళ్లు తక్కువే అమ్ముతున్నాం

మా దగ్గర నెల్లూరు జోడిపి (తెల్లని ఒంటితో, మూతి, కళ్ల దగ్గర నల్లమచ్చలుండే రకం) పొట్టేళ్లు కొనే రైతులందరికీ నమస్కారం. ఈ సీజనుకు ఫోన్లు అప్పుడే మొదలయ్యాయి, అందుకే ముందుగా చెప్పేస్తున్నాను. ఈసారి విత్తనానికి ఇచ్చే పొట్టేళ్లు నిరుటి వాటిలో సగం కూడా ఉండవు. ధర పెరిగింది. మిగతా మగపిల్లలన్నీ మాంసానికే వెళ్తాయి. విత్తనం పేరుతో వాటిని ఎవరికీ ఇవ్వం, ఎంత ధర పెట్టినా సరే.

సంతలో పొట్టేలును ఎలా బేరం చేస్తారో మీకు తెలుసు. ఎత్తు చూస్తారు, చెవులు చూస్తారు, కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్లమచ్చలు కుదురుగా ఉన్నాయా అని చూస్తారు. మన దేశపు గొర్రెల్లో అన్నిటికన్నా ఎత్తుగా పెరిగేది నెల్లూరు జాతే. ఆ రూపం పోకూడదని నేనూ కోరుకుంటాను. కానీ మచ్చ కుదిరినంత మాత్రాన పుట్టబోయే పిల్లకు బరువు రాదు.

ఏ మందలోనైనా మూడు నెలల వయసులో అందరి కళ్లూ పడే పిల్ల ఏదో గమనించండి. చాలాసార్లు అది ఒంటిపిల్ల, నాలుగైదు ఈతలు ఈనిన తల్లిది, పచ్చిక బాగున్నప్పుడు పుట్టినది. ఆ బరువులో తల్లి పాల వల్ల వచ్చింది ఎంత, రక్తంలో ఉన్నది ఎంత? కంటికి తెలియదు. తొలి ఈత తల్లికి జంటలో పుట్టి, ఉన్న పాలు పంచుకు తాగి, దానికన్నా ఒక్క కిలో వెనకబడిన పిల్లే అసలు విత్తనం కావచ్చు. సంతలో దాన్ని ఎవరూ అడగరు.

అందుకే మా మందలో పుట్టిన ప్రతి పిల్లకూ చెవి ట్యాగు వేసి తల్లి, తండ్రి నంబర్లు, తల్లికి అది ఎన్నో ఈత, ఒంటిపిల్లా జంటా అన్నవి రాస్తున్నాం. పుట్టినప్పుడు, మూడు నెలలకు, ఆరు నెలలకు తూకం వేస్తాం. అదీ తెల్లవారుజామునే, మంద మేతకు కదలకముందు. మేసి నీళ్లు తాగి వచ్చాక తూస్తే కడుపులోదంతా లెక్కలోకి వచ్చేస్తుంది. ఒకే నెలలో పుట్టిన వాటిని వాటిలో వాటితోనే పోలుస్తాం. ఈ లెక్కలో ముందు నిలిచినవే విత్తనానికి ఇస్తాం, ఈసారి తక్కువ ఉన్నది అందుకే. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో నెల్లూరు గొర్రెల మీద ఏళ్లుగా జరుగుతున్న పని కూడా ఇలా రాసిన లెక్కల మీద నడిచేదే.

ఇక ధర పెట్టి కొంటే మీకు వచ్చేది ఎంత అన్నది. తోటి పిల్లలకన్నా 6 కిలోలు ఎక్కువ తూగిన పొట్టేలును తెచ్చుకుంటే ప్రతి పిల్లా 6 కిలోలు ఎక్కువ తూగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ బరువు తేడాలో రక్తంతో వచ్చేది సుమారు నాలుగో వంతు అనుకోండి, మిగతాది మేత, తల్లి పాలు, జబ్బులు, ఎండావానలు. అంటే కిలోన్నర. పిల్లకు తండ్రి నుంచి దిగేది అందులో సగం. వెరసి ముప్పావు కిలో. 30 పిల్లలు పుడితే 22 కిలోల పైచిలుకు. చిన్న లెక్కే, నిజమే. అయితే దాణా ఖర్చు ఏటా పెట్టాలి, ఇది అలా కాదు. ఆ పొట్టేలు కూతుళ్లను మందలో నిలుపుకుంటే వాటి పిల్లలకూ కొంత దిగుతుంది. ఆపైన మళ్లీ మంచి పొట్టేలు వస్తే దాని మీద ఇంకొంత పేరుతుంది.

జంట పిల్లలు వేసే రక్తం కావాలని చాలామంది అడుగుతున్నారు. జంటలో పుట్టిన పొట్టేలును తెచ్చినంత మాత్రాన మందలో జంటలు పెరగవు, ఆ గుణం పిల్లలకు దిగేది చాలా తక్కువ. దీనికి పేరున్న మినహాయింపు ఒకటి ఉంది. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ సంస్థవారు సుందర్‌బన్స్ గరోల్ గొర్రెల్లో ఉన్న జంటలు పుట్టించే ఫెక్‌బి అనే ఒక్క జన్యువును దక్కనీ గొర్రెల్లోకి తెచ్చి ‘నారీ సువర్ణ’ గొర్రెలను తయారుచేశారు. గొప్ప పని. అయినా నేను దాన్ని మా మందలోకి తేను. మా కనిగిరి మెట్టలో ఏప్రిల్ వచ్చేసరికి బీళ్లు ఎండిపోతాయి. ఒక్క పిల్లకే పాలు చాలని తల్లికి రెండు పిల్లలిచ్చి ఏం లాభం? కొట్టంలో కట్టి మేపగలిగినవాళ్ల సంగతి వేరు.

తెలంగాణ నుంచి ఫోన్ చేసే అన్నలకు ఒక మాట. 2017లో 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున పంచిన పథకంతో మన నెల్లూరు జీవాలు అక్కడికి బాగా వెళ్లాయి, వాటికి మా పొట్టేళ్లు సరిపోతాయి. మీది నిఖార్సైన నల్ల దక్కనీ మంద అయితే మాత్రం మా పొట్టేలు వద్దు, మంచి దక్కనీ పొట్టేలునే వెతకండి. అలాంటి మందలు తగ్గిపోతున్నాయి, కలిపేస్తే మళ్లీ విడదీయలేం.

ఏ పొట్టేలునూ రెండేళ్లకు మించి మందలో ఉంచకండి. అప్పటికి దాని కూతుళ్లే ఎదకు వస్తాయి. తండ్రే వాటిని దాటితే నీరసం పిల్లలు పుడతాయి, చనిపోయేవి ఎక్కువవుతాయి. మా పొట్టేలును తిరిగి తెస్తే మాంసం ధర కట్టి, వేరే తండ్రిది ఇస్తాం. ఏ పొట్టేలు ఏ ఊరు వెళ్లిందో రాసి ఉంచుతున్నాం. పక్కపక్క మందలవాళ్లు పొట్టేళ్లు మార్చుకుంటారు కాబట్టి ఒక ఊరికి ఒకే తండ్రి బిడ్డల్ని ఇవ్వం.

అడ్వాన్సులు తీసుకోవడం లేదు. రెండు పళ్లు వేసిన పొట్టేళ్లే ఇస్తాం. వచ్చినవాళ్లు పళ్లు చూసుకోండి, వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా, గడ్డల్లేకుండా ఉన్నాయో చేత్తో తడిమి చూసుకోండి. పొట్టేలు తూకాలు, తల్లిదండ్రుల నంబర్లు రాసిన కాగితంతో పాటు దాని తల్లిని కూడా మందలో చూపిస్తాం.