అడ్వాన్సు ఇంకా ఇవ్వకు

గ్లాస్గో,
ఆదివారం రాత్రి

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని చదివి మనసు కుదుటపడింది.

పెళ్ళి వీడియోల ఎడిటింగ్‌కు కొత్త కంప్యూటర్ కొంటానని నువ్వు పంపిన రెండు కొటేషన్లూ చూశాను. ఫోన్‌లో చెబితే ఊ కొడుతూ సగమే వింటావు. ఉత్తరమైతే నాన్నగారు కూడా చదువుతారు, డబ్బిచ్చేది ఆయనే కదా. బడిలో ఒడియా చదువుకున్నవాడివి, తెలుగు కూడబలుక్కుంటావని తెలుసు. ఈసారి అదే మంచిది. నువ్వు నెమ్మదిగా చదివినంతసేపూ ఆ దుకాణం వైపు వెళ్ళవు.

మొదటి కొటేషన్‌లో సగానికి సగం డబ్బు ప్రాసెసర్‌కూ, దాన్ని చల్లబరిచే సరంజామాకూ పోయింది. ఇంటెల్ కోర్ ఐ9-14900కె, 24 కోర్లు, అంటే లెక్కలు కట్టే భాగాలు ఇరవై నాలుగు. దాని పక్కన 16 జీబీ మెమరీ, పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్. తలపాగాకే డబ్బంతా పోసి పంచె కొనడం మరిచిన పెళ్ళికొడుకులా ఉంది. రెండోదాంట్లో అదే ప్రాసెసర్, పేరు చివర మాత్రం కెఎఫ్. కాస్త తగ్గించి ఇస్తున్నాడని మురిసిపోయావు. ఆ ‘ఎఫ్’ దగ్గరే నా భయమంతా.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ అలాంటిదే కొన్నాను. చివర ఎఫ్ ఉన్న చిప్‌లో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. డబ్బా విప్పి, అన్నీ బిగించి, మానిటర్ తీగ తగిలిస్తే తెర నల్లగానే ఉండిపోయింది. వారం రోజులు మదర్‌బోర్డును తిట్టుకున్నాను. తప్పు నాదే, ఒక్క అక్షరం చదవలేదు. నాది ఆడియో పని కనుక ఏదో పాత గ్రాఫిక్స్ కార్డు పెట్టి గట్టెక్కాను. నీది వీడియో, అంత తేలిగ్గా పోదు.

ఎందుకంటే నీ కొత్త కెమెరా 4కె చిత్రాన్ని 10 బిట్, 4:2:2లో తీస్తుంది. రంగుల వివరం మామూలు దానికన్నా ఎక్కువ దాచుకుంటుంది, తలంబ్రాల పసుపూ పట్టుచీర ఎరుపూ తర్వాత దిద్దుకోవడానికి బాగుంటుంది. కానీ ఫైలు చిన్నదిగా ఉండాలని కెమెరా ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయదు. ఒకటి పూర్తిగా రాసి, తర్వాతివాటిలో మారినంత మేరకే రాస్తుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం కోసం నువ్వు ముందుకూ వెనక్కూ లాగుతుంటే, కంప్యూటర్ ప్రతిసారీ ఆ పూర్తి ఫ్రేము దాకా వెళ్ళి లెక్క కట్టుకుంటూ రావాలి. ఒక్కో ఫ్రేములో దాదాపు 83 లక్షల చుక్కలు. ఇప్పుడున్న కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని ఏడ్చావే, కారణం ఇదే.

కుదించిన ఫైలును ఇలా విప్పే పనికి కోర్లను కాక, చిప్‌లోనే ఉండే ప్రత్యేక యంత్రభాగాన్ని వాడాలి. ఇంటెల్ దాన్ని క్విక్ సింక్ అంటుంది, 2011 నుంచీ ఉంది. 11వ తరం నుంచి డెస్క్‌టాప్ చిప్‌లలో, హెచ్.265 అనే పద్ధతిలో కుదించిన 10 బిట్ 4:2:2ను కూడా అది విప్పుతుంది. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 చిప్‌లలో ఉన్న చిన్న గ్రాఫిక్స్‌కు అది చేతకాదు. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లోనూ 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి నుంచే మొదలైంది. అంత డబ్బు కార్డుకు పెట్టగలిగితే ఎఫ్ ఉన్నా బాధ లేదు. మనం పెట్టలేం.

క్విక్ సింక్ ఉండేది ఆ గ్రాఫిక్స్ భాగంలోనే. అంటే కెఎఫ్ కొంటే, నీకు అన్నిటికన్నా అవసరమైనదాన్ని తీసేసిన చిప్‌ను రాయితీ మీద కొన్నట్టు.

ఇంకో సంగతి. ఐ9లో ఉన్న గ్రాఫిక్స్ యుహెచ్‌డి 770. కోర్ ఐ5-14500లో ఉన్నదీ అదే. క్లిప్‌ను అటూ ఇటూ లాగేటప్పుడు పెద్ద చిప్ నీకు అదనంగా ఇచ్చేది చాలా తక్కువ. రంగులు దిద్దేటప్పుడు, ఎఫెక్టులు వేసేటప్పుడు ఎక్కువ కోర్లు పనికొస్తాయి, కాదనను. ఐ5లోనూ 14 కోర్లున్నాయి. రాత్రి ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకునేవాడివి, అది మూడింటికి అయితే ఏమిటి, నాలుగింటికి అయితే ఏమిటి?

ఒక మెలిక ఉంది. కెమెరా మెనూలో హెచ్.265 ఎంచుకుని తీయాలి. అదే 4:2:2ను పాత పద్ధతి హెచ్.264లో తీస్తే ఈ చిప్‌లోని యంత్రభాగం దాన్ని ముట్టుకోదు, భారమంతా కోర్ల మీదే పడుతుంది. నీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని వాడుకునేదై ఉండాలి, కొన్నిటి ఉచిత రూపంలో ఆ సదుపాయం ఉండదు. పాత పెళ్ళిళ్ళ ఫైళ్ళకు ప్రాక్సీలు చేసుకో. చిన్న నకళ్ళతో కత్తిరించి, చివర్లో అసలువి కలుపు.

ఇక ఆడియో. సవరగూడేల్లో రికార్డు చేస్తున్న పాటల కోసం కూడా ఐ9 కావాలన్నావు. చదివి నవ్వుకున్నాను. అరిసెలు వత్తడానికి పదిమంది కూర్చోవచ్చు, పాకం పట్టేది ఒక్కరే. ఒక ట్రాక్ మీద వరుసగా పెట్టిన ప్లగిన్లు, ధ్వనిని దిద్దే ఆ చిన్న ప్రోగ్రాములు, పాకంలాంటివి. ఒకదాని ఫలితం వస్తే గాని రెండోది మొదలుకాదు, కాబట్టి ఆ వరుసంతా సాధారణంగా ఒకే కోర్ మీద నడుస్తుంది. అక్కడ ఒక్కో కోర్ ఎంత చురుకన్నదే ముఖ్యం. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్, అంటే ఒక్కో విడతకు తీసుకునే ధ్వని నమూనాల సంఖ్య, 128 పెడితే ప్రతి విడతకూ దొరికే గడువు 2.7 మిల్లీసెకన్లు. గడువు దాటితే పాటలో టక్కుమంటుంది. పాడేవాళ్ళకు చెవిలో వినిపిస్తున్నప్పుడు బఫర్ తగ్గించు, మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు 1024కు పెంచు. నీ ఎనిమిది మైకులకు ఐ5 చాలు, మిగులుతుంది కూడా. 24 బిట్ స్టీరియో గంటసేపు రాస్తే సుమారు ఒక జీబీ. అదే నీ కెమెరా, 100 మెగాబిట్లకు పెడితే, గంటకు 45 జీబీ నింపుతుంది.

ఆ పాటలు మాత్రం మానకు. గిడుగు రామమూర్తి పంతులుగారు మన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే సవర భాష నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన చేతిలో ఉన్నది కాగితం, కలం. నీకు మైకుంది. పాట కింద పాడినవాళ్ళ పేరు, గూడెం పేరు తప్పకుండా రాసిపెట్టు.

ఆ గదిలో ఇంకో చిక్కుంది. ఐ9 పూర్తిగా ఊపందుకుంటే 253 వాట్ల దాకా లాగుతుంది, మన పాత సీలింగ్ ఫ్యాన్లు మూడు తిరిగినంత. మే నెలలో, రేకుల వసారా పక్క గదిలో, దాన్ని చల్లబరిచే ఫ్యాన్ల హోరు నీ మైకులోకే వస్తుంది.

ఐ9కు బదులు ఐ5-14500 తీసుకుని, మిగిలిన డబ్బుతో 32 జీబీ మెమరీ కొను, 16 చొప్పున రెండు, ఒక్కటిగా వద్దు. వేగంగా పనిచేసే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ డిస్కు ఒకటి. తిరిగే డిస్కులు రెండు, కానీ ఒకటి ఇంట్లో, ఒకటి పాతపట్నంలో పిన్ని ఇంట్లో. 2018లో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి గుర్తుందిగా. యూపీఎస్ లేకుండా మాత్రం ఆ పెట్టె స్విచ్ వేయొద్దు.

నిజం చెప్పాలంటే ఐ5-14500కూ ఒక లోటుంది. మదర్‌బోర్డులో ఆ చిప్‌ను బిగించే సాకెట్‌కు 14వ తరమే చివరిది. రైజెన్ వాళ్ళ ఏఎం5 సాకెట్ అయితే ముందుముందు చిప్ ఒక్కటే మార్చుకోవచ్చు. అది ఆలోచించే చెబుతున్నాను, నువ్వు తీసే ఫైళ్ళకు ఇదే సరి. 13, 14 తరాల చిప్‌లలో కొన్ని వోల్టేజ్ సమస్యతో చెడుతున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుంది, కొన్ని మోడళ్ళకు వారంటీ రెండేళ్ళు పెంచింది. అందుకని సీలు వేసిన డబ్బాయే అడుగు, బిల్లు జాగ్రత్త చెయ్యి, మొదటిరోజే మదర్‌బోర్డులోని బయోస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించు.

కొనేముందు కెమెరా కార్డు జేబులో వేసుకుని బరంపురమో విశాఖో వెళ్ళు. దుకాణంలో ఇలాంటి చిప్ ఉన్న కంప్యూటర్ మీద నీ క్లిప్ నువ్వే లాగి చూడు. చూడనివ్వకపోతే పక్క దుకాణానికి వెళ్ళు. నాన్నగారిని తీసుకెళ్ళు, బేరంలో ఆయన మౌనానికే సగం ధర దిగుతుంది.

ఈలోగా నాకో అరనిమిషం క్లిప్ పంపు. ఫోన్‌లో వీడియోగా పంపితే అది కుదించేస్తుంది, కార్డులోని అసలు ఫైలే పంపు. చూసి చెబుతాను. అప్పటిదాకా ఆ దుకాణం అతనికి అడ్వాన్సు ఇవ్వకు.

ప్రేమతో,
అక్క