ఎఫ్‌సీసీ అధ్యక్షుడికి బహిరంగ లేఖ: జుట్టు చేతిలో పెట్టుకుని మాట్లాడకండి

అమెరికాలో రేడియో, టీవీ ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీ అధ్యక్షులు బ్రెండన్ కార్ గారికి,

2025 సెప్టెంబర్ 17న మీరు ఒక పాడ్‌కాస్ట్‌లో, ఏబీసీ నెట్‌వర్క్‌లో అర్ధరాత్రి హాస్య షో నడిపే జిమ్మీ కిమ్మెల్ రాజకీయ కార్యకర్త చార్లీ కిర్క్ హత్య గురించి అన్న మాటల సంగతి ఎత్తి, ఇది తేలిగ్గానైనా తేల్చొచ్చు, కష్టంగానైనా తేల్చొచ్చు అన్నారు. ఆ రోజు గడవకముందే స్థానిక టీవీ స్టేషన్ల కంపెనీ నెక్స్‌స్టార్ తన ఏబీసీ స్టేషన్లలో ఆ షో వేయబోమంది, ఏబీసీ యజమాని డిస్నీ నిరవధికంగా ఆపేసింది, మరో స్టేషన్ల కంపెనీ సింక్లెయిర్ కూడా అదే బాట పట్టింది. మీ కమిషన్ నుంచి మాత్రం ఒక్క ఉత్తర్వూ వెలువడలేదు. మా అభ్యంతరం అక్కడే.

ఉత్తర్వు ఇవ్వాలంటే ఎంత తతంగమో మీకు తెలుసు, మన పాఠకుల కోసం చెబుతున్నాం. ఎఫ్‌సీసీ లైసెన్సు ఇచ్చేది ఏబీసీ లాంటి నెట్‌వర్క్‌కి కాదు, ఊరూరా ఉన్న స్టేషన్లకి. గడువు 8 ఏళ్లు. మామూలు లెక్కన టీవీ స్టేషన్ల తర్వాతి రెన్యువళ్లు 2028లో గానీ మొదలవవు. మధ్యలో రద్దు చేయాలంటే నోటీసు, విచారణ, తప్పు నిరూపించే భారం కమిషన్ మీదే, ఆ తర్వాత కోర్టులు. 'వార్తల వక్రీకరణ' అన్న పాత విధానాన్ని బయటికి తీద్దామన్నా, కావాలనే మార్చారనడానికి ప్రసారానికి వెలుపలి సాక్ష్యం కావాలి. అర్ధరాత్రి హాస్యానికి అదెలా అతుకుతుంది? పైగా 1934 కమ్యూనికేషన్ల చట్టం 326వ సెక్షన్ ప్రకారం మీకు సెన్సార్ చేసే అధికారమే లేదు.

మరి స్టేషన్లు దేనికి వణికాయి? మీ బల్ల మీదికి రావాల్సిన ఫైలుకి. మరో స్టేషన్ల కంపెనీ టెగ్నాను 620 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు నెక్స్‌స్టార్ 2025 ఆగస్టులో ప్రకటించింది. అప్పటికి దానికి మీ అనుమతి రావాల్సి ఉంది. ఒకే సంస్థ దేశంలో 39 శాతం ఇళ్లకు మించి చేరకూడదన్న పరిమితి కూడా అడ్డు తొలగాల్సి ఉంది. తిరస్కరిస్తే కారణం రాయాలి. ఊరికే పక్కన పెడితే రాయక్కర్లేదు. 180 రోజుల గడువంటూ ఒకటున్నా అది మిమ్మల్ని కట్టిపడేసేది కాదు. షో తీసేసే ముందు ఎఫ్‌సీసీతో మాట్లాడలేదని నెక్స్‌స్టార్ అంది. నిజమే కావచ్చు. మాట్లాడాల్సిన అవసరం ఏముంది?

తెలుగు నేలకు ఇది కొత్త విద్య కాదు. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ తెర మీంచి మాయమయ్యాయి. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి, ఎన్టీవీ, టీవీ9 వంతు వచ్చింది. రెండుసార్లూ ఆపింది ప్రభుత్వ ఉత్తర్వు కాదు, కేబుల్ ఆపరేటర్లే.

కిమ్మెల్ సెప్టెంబర్ 23న తిరిగొచ్చారు, నెక్స్‌స్టార్, సింక్లెయిర్ స్టేషన్లలో 26న. కాబట్టి నష్టమేమీ లేదనకండి. ఆయన వెనక డిస్నీ ఉంది. చిన్న ఊరి స్టేషన్ మేనేజరు వెనక ఎవరున్నారు? ఉదయం కార్యక్రమానికి పిలుద్దామనుకున్న నాటక రచయితను ఆయన పిలవడు. పాట మధ్యలో ఒక చరణం కోసేయమంటాడు. లాయరుకి పంపాల్సిన స్క్రిప్టు అయితే అసలు మొదలే పెట్టరు. ఆగిపోయిన షో వార్తవుతుంది, పిలవని అతిథి లెక్కలోకి కూడా రాడు.

నచ్చని మాటను ప్రైవేటు సంస్థల మెడ మీద కత్తి పెట్టి అధికారులు అణచకూడదని అమెరికా సుప్రీంకోర్టు 2024లో ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తీర్పు ఎవరికి అనుకూలంగా వచ్చిందో గుర్తుందా? తుపాకీ హక్కుల సంఘం ఎన్‌ఆర్‌ఏకి!

ఏదైనా కార్యక్రమం మీద అభ్యంతరముంటే ఏ స్టేషన్, ఏ సెక్షన్ అన్నది రాతపూర్వకంగా, కమిషనర్ల ఓటుతో చెప్పండి. ఒక కంపెనీ దరఖాస్తు మీ పరిశీలనలో ఉన్నంతకాలం దాని షోల గురించి మైకు ముందు మాట్లాడకండి. విలీన ఫైళ్లను కింది బ్యూరోకి వదిలేయక పూర్తి కమిషన్ ముందు పెట్టండి. సీబీఎస్ నెట్‌వర్క్ యజమాని పారమౌంట్, స్కైడాన్స్ కంపెనీల విలీనంలో సీబీఎస్ మీద పక్షపాత ఫిర్యాదులు వినడానికి ఓంబుడ్స్‌మన్‌ను పెడతామని హామీ తీసుకున్నారే, అలాంటి షరతులు ఇంకెక్కడా వద్దు.

జవాబు ఇవ్వదలిస్తే పాడ్‌కాస్ట్‌లో కాదు, కాగితం మీద ఇవ్వండి.

ఇట్లు,
ప్రసార చట్టాల పని తెలిసిన కొందరు తెలుగువారు