పోటీ ధరల పరిశీలన: సభ్యులకు కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది శిక్షణ తరగతులు, సభ్యత్వ పునరుద్ధరణ ఎప్పటిలాగే సాగాయి. కార్యవర్గం సమయమంతా తీసుకున్నది మాత్రం ఒక్కటే పని. ఆన్‌లైన్‌లో పోటీ దుకాణాల ధరలను, స్టాకును గమనించే ఉమ్మడి ఏర్పాటు. పెద్ద సంస్థలు ఈ పనికి ప్రత్యేక బృందాలను పెట్టుకుంటాయి. మనలాంటి చిన్న దుకాణదారుల్లో చాలామంది రాత్రిపూట ఒక్కో పేజీ తెరిచి, ధరలు చూసి షీట్‌లో రాసుకుంటున్నారు. ఆ భారం తగ్గించాలన్నదే ఉద్దేశం.

ఏర్పాటులో రెండు భాగాలున్నాయి. మొదటిది డేటా ఫీడ్, అంటే ఎప్పటికప్పుడు అందే వివరాల జాబితా. వస్తువు పేరు, బార్‌కోడ్ సంఖ్య, ధర, స్టాక్ ఉందో లేదో, ఆ వివరం తీసుకున్న సమయం అందులో ఉంటాయి. చాలా దుకాణాలు ఈ వివరాలను ప్రోగ్రాములు చదవగలిగే రూపంలో పేజీలోనే పెడతాయి. గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ కలిసి 2011లో మొదలుపెట్టిన స్కీమా డాట్ ఆర్గ్ పద్ధతి అందుకే ఉంది. అలాంటి పేజీలకు ఏఐ అక్కర్లేదు. మామూలు ప్రోగ్రాం చాలు, ఖర్చూ తక్కువే. ధర బొమ్మలో ఉన్నప్పుడు, కూపన్ షరతు పేజీ అడుగున ఎక్కడో రాసి ఉన్నప్పుడు, రెండు దుకాణాల్లో ఒకే వస్తువుకు వేర్వేరు పేర్లు ఉన్నప్పుడు మాత్రమే రెండో భాగమైన ఏఐ ఏజెంట్‌ను, అంటే పేజీని చదివి అర్థం చేసుకునే ప్రోగ్రామును, వాడుతున్నాం. అన్నిటికీ ఏజెంట్‌నే పెడదామని కొందరు అడిగారు. ఒక పేజీని చదివి అర్థం చేసుకోవడానికి అయ్యే ఖర్చు, పొరబడే అవకాశం చూశాక కార్యవర్గం ఒప్పుకోలేదు.

అసలు కష్టం ధర తీయడంలో లేదు, ఏ వస్తువును దేనితో పోల్చాలన్న దాంట్లో ఉంది. బార్‌కోడ్ కలిస్తే గొడవ లేదు. కలవనప్పుడు నాలుగు బ్యాటరీల ప్యాక్‌ను ఆరింటి ప్యాక్‌తో పోల్చేస్తాం. కొత్త ఛార్జర్‌ను, బాగుచేసి మళ్లీ అమ్ముతున్న ఛార్జర్‌ను ఒకటే అనుకుంటాం. డెలివరీ ఛార్జీ కలపకుండా చూస్తే అవతలి దుకాణం చవక అనిపిస్తుంది. కొట్టేసి చూపించే పాత ధర నిజంగా ఎప్పుడైనా ఉందో లేదో కూడా తెలియదు. అందుకే ఒక్కో యూనిట్‌కు, డెలివరీతో కలిపి ఎంత పడుతుందో లెక్కగట్టి పోలుస్తున్నాం. ఏజెంట్ రెండు వస్తువులు ఒకటేనని చెబితే, ఎందుకలా అనుకుందో కారణం రాయాలి, ఆ పేజీ నకలు జత చేయాలి. అనుమానం ఉన్నవన్నీ మనిషి చూశాకే ఫీడ్‌లోకి వస్తాయి. ఈ తనిఖీకి ఓపిగ్గా కూర్చున్న సభ్యులకు సంఘం తరఫున మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. వాళ్లు లేకపోతే ఈ ఫీడ్‌ను నమ్మే పరిస్థితి ఉండేది కాదు.

ఫీడ్ చూసి మన ధరలను కూడా ఏజెంటే మార్చేస్తే పోదా అన్న ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వచ్చింది. 2011లో అమెజాన్‌లో జరిగింది గుర్తుచేసుకోవాలి. ఈగల మీద రాసిన ఒక జీవశాస్త్ర పుస్తకానికి ఇద్దరు అమ్మకందారులు ప్రోగ్రాముతో ధర పెట్టారు. ఒకరిది ఎప్పుడూ రెండోవారి ధరకు 0.9983 రెట్లు, రెండోవారిది మొదటివారి ధరకు 1.270589 రెట్లు. ఒకదాన్ని చూసి ఒకటి పెరుగుతూ చివరికి ధర 2 కోట్ల 30 లక్షల డాలర్లు దాటింది. ఏ ప్రోగ్రాము తప్పు చేయలేదు, ఇచ్చిన సూత్రాన్నే పాటించింది. కాబట్టి మన ఏజెంట్లు సమాచారం ఇస్తాయి, ధర మార్చవు. సొంతంగా ఆటోమేటిక్ ధరలు పెట్టుకునే సభ్యులు కనిష్ఠ, గరిష్ఠ హద్దులు తప్పక పెట్టుకోవాలని కోరుతున్నాం.

ఇంకో విషయం మరీ ముఖ్యం. మనం ఒకరికొకరు పోటీదారులం కూడా. 2015లో అమెరికాలో, అమెజాన్‌లో పోస్టర్లు అమ్మే ఒక వ్యాపారి తోటి అమ్మకందారులతో మాట్లాడుకుని, ఆ ఒప్పందం ప్రకారం ధరలు పెట్టే ప్రోగ్రాము రాసినందుకు నేరం ఒప్పుకోవాల్సి వచ్చింది. మన మధ్య కనీస ధర ఒకటి అనుకుందామన్న సూచనను కార్యవర్గం అందుకే పూర్తిగా తోసిపుచ్చింది. అది కొనేవాళ్లకు చేసే అన్యాయం కూడా. ఫీడ్‌లో ఉండేది ఎవరైనా తెరిచి చూడగల బయటి దుకాణాల ధరలే. సభ్యుల ధరలు, రేపు పెట్టబోయే ఆఫర్లు, ఒక్కొక్కరి ధరల సూత్రాలు అందులోకి రావు, సంఘం సమావేశాల్లో చర్చకూ రావు.

ఇతరుల సైట్ల దగ్గర మర్యాద తప్పకూడదన్నది మొదటి నుంచీ నియమం. 1994 నుంచి వాడుకలో ఉండి 2022లో అధికారిక ప్రమాణ పత్రంగా వెలువడిన, సైట్లు ప్రోగ్రాముల కోసం పెట్టే రోబోట్స్ ఫైల్ ఏ పేజీలు వద్దంటే వాటి జోలికి మన ప్రోగ్రాములు వెళ్లవు. అభ్యర్థనలు ఎక్కువయ్యాయని సర్వర్ 429 కోడ్ పంపితే ఆగిపోతాయి. లాగిన్ వెనక ఉన్న పేజీలను, కొనుగోలుదారుల పేర్లున్న సమీక్షలను సేకరించం. పేజీల్లో దాచిన వాక్యాలతో ఏజెంట్‌ను పక్కదారి పట్టించే ప్రమాదం ఉంది కాబట్టి, దానికి చదివే అనుమతి తప్ప పాస్‌వర్డులు, చెల్లింపుల అధికారం ఇవ్వలేదు.

సర్వసభ్య సమావేశం ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాం. తనిఖీ పనిని వంతులవారీగా సభ్యులందరూ పంచుకోవడం ఒకటి, పాత ధరల వివరాలను ఎంతకాలం దాచాలో నిర్ణయించడం రెండోది. జమాఖర్చులను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. తమ వస్తువుల బార్‌కోడ్ జాబితా ఇంకా పంపని సభ్యులు సమావేశానికి ముందే పంపగలరు. జాబితాలో ధరలు రాయవద్దు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి