డ్రాగ్ రేసు పుట్టిందే వీధి రేసులు మాన్పించడానికి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత అమెరికన్ కార్ల ఫొటోలు రెండు పేజీల నిండా వేశారు, చాలా సంతోషమేసింది. కానీ ఆ ఫొటోల కింది కథనంలో డ్రాగ్ రేసింగ్ (రెండు కార్లు పక్కపక్కన నిలబడి, తిన్నటి దారిలో ఏది ముందు చేరుతుందో చూసే పోటీ) అంటే కుర్రాళ్లు అర్ధరాత్రి రోడ్ల మీద ప్రాణాలకు తెగించి ఆడే ఆట అన్నట్టు రెండు వాక్యాల్లో తేల్చేశారు. చాలా ఏళ్లుగా కాలిఫోర్నియాలో ఉంటూ ఈ రేసులు చూస్తున్నవాణ్ణి, అది చదివి ఊరుకోలేక రాస్తున్నాను. అసలు జరిగింది దానికి పూర్తిగా తలకిందులు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఇంటికొచ్చిన అమెరికన్ కుర్రాళ్లకి చేతిలో కాస్త డబ్బుంది, చాలామందికి ఇంజన్ల పనీ వచ్చు. 1932 ఫోర్డ్ లాంటి పాత కార్లు చవగ్గా దొరికేవి. దాని ఫ్లాట్‌హెడ్ వి8 ఇంజన్ కొత్తలో ఇచ్చింది 65 హార్స్‌పవరే, కానీ విప్పి మార్పులు చేసుకునేవాడికి అది ఇంకా చాలా ఇచ్చేది. మడ్‌గార్డులు పీకేసి బరువు తగ్గించి, సిగ్నల్ దగ్గర రెండు కార్లు పక్కపక్కన పెట్టి పరిగెత్తించేవాళ్లు. ప్రాణాలు పోయాయి, పోలీసులు వెంటపడ్డారు, పేపర్లు దుమ్మెత్తిపోశాయి. అలాంటప్పుడు 1950లో శాంటా ఆనా విమానాశ్రయంలో రన్‌వే మీద టికెట్టు పెట్టి రేసులు మొదలుపెట్టారు, మరుసటి ఏడాది వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించాడు (హాట్ రాడ్ అంటే ఇలా వేగం కోసం మార్పులు చేసుకున్న కారు). తిన్నగా పావు మైలు, అంటే 1,320 అడుగులు, ఎదురు బండి రాదు, పక్కనే అంబులెన్స్ ఉంటుంది. కాలిఫోర్నియాలోని పొమోనాలో అయితే కుర్రాళ్లకి స్ట్రిప్, అంటే ఈ రేసుల కోసమే వేసిన దారి, కావాలని పోలీసులే వెనక నిలబడ్డారు.

నాతో పనిచేసిన ఒక పెద్దాయన చిన్నతనమంతా లాస్ ఏంజెలెస్‌లోని విల్మింగ్టన్‌లో ఉన్న లయన్స్ డ్రాగ్ స్ట్రిప్ దగ్గరే గడిచింది. పేరు చూస్తేనే తెలుస్తుంది, 1955లో దాన్ని పెట్టించింది స్థానిక లయన్స్ క్లబ్బులవాళ్లు, కుర్రాళ్లని రోడ్ల మీద నుంచి తప్పించాలని. మొదటి మేనేజరు మిక్కీ థాంప్సన్, తర్వాత చాలా పెద్ద పేరు తెచ్చుకున్న రేసర్. రేవు పక్కనే, సముద్ర మట్టానికి దగ్గర, చిక్కటి గాలి, దాంతో ఇంజన్లు అక్కడ ఇంకాస్త గట్టిగా లాగేవట. శనివారం రాత్రి వస్తే ఇంట్లో ఎవరూ ఆపలేకపోయేవాళ్లని ఆయన చెబుతుంటే కళ్లు మెరిసేవి. చప్పుడు భరించలేకపోతున్నామని చుట్టుపక్కల జనం పోరగా పోరగా 1972 డిసెంబరులో అది మూతపడింది. ఆఖరి రాత్రి ఇసుకేస్తే రాలనంత జనం, కంచెలు దూకి మరీ లోపలికొచ్చారట.

ఆయన దగ్గర 1957 షెవర్లే బెల్ ఎయిర్ ఉండేది. పెట్రోలు బంకులో కొత్తవాళ్లు దాని చుట్టూ తిరిగి తిరిగి ట్యాంకు మూత ఎక్కడా అని అడిగేవాళ్లు. ఎడమవైపు వెనక రెక్క ఉంటుంది చూడండి, దాని చివర నిలువుగా ఉన్న క్రోమ్ పట్టీని వెనక్కి లాగితే మూత అక్కడ కనబడుతుంది. అంత చిన్న విషయానికి కూడా ఎవరో కూర్చుని ఆలోచించారన్నమాట. అదే ఏడాది ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో వచ్చిన 283 క్యూబిక్ అంగుళాల ఇంజన్ 283 హార్స్‌పవర్ ఇస్తుందని కంపెనీ గొప్పగా ప్రకటించుకుంది. బానెట్ ఎత్తితే ప్రతి బోల్టూ చేతికందుతుంది, ఏది పాడైందో కంటికి కనిపిస్తుంది, కార్బ్యురేటర్ విప్పి శుభ్రం చేసుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. నాకు ఆ కార్ల మీద అంత ఇష్టం ఏర్పడటానికి కారణం అందం కన్నా ఇదే.

ఇక అసలు డ్రాగ్‌స్టర్ల సంగతి, అంటే ఈ రేసుల కోసమే ప్రత్యేకంగా కట్టిన బండ్ల సంగతి. వాటిలో పోసేది పెట్రోలు కాదు, నైట్రోమీథేన్. కిలో పెట్రోలు మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి, నైట్రోకి 1.7 కిలోలు చాలు, ఎందుకంటే దానికి కావలసిన ఆక్సిజన్ చాలావరకు దాంట్లోనే ఉంది. కాబట్టి అదే సిలిండర్లో ఎన్నో రెట్లు ఇంధనం కుక్కి మండించవచ్చు, అది ఒక్కోసారి ఇంజన్‌నే పేల్చేస్తుంది కూడా. స్టార్టింగ్ లైను దగ్గర నిలబడితే ముక్కు మండి కళ్లలో నీళ్లు కారతాయి, చప్పుడు చెవులకి కాదు, ఛాతీకి తగులుతుంది.

ఈ ఆటలో ప్రాణభయం లేదని నేననను. అప్పట్లో డ్రైవరు ఇంజన్ వెనకాల, వెనక ఇరుసుకి అవతల కూర్చునేవాడు, అంటే పేలేదేదైనా అతని కాళ్ల మధ్యే పేలుతుంది. 1970 మార్చిలో ఇదే లయన్స్‌లో 'బిగ్ డాడీ' అని పిలిచే రేసర్ డాన్ గార్లిట్స్ బండి ట్రాన్స్‌మిషన్ బద్దలై కారు రెండు ముక్కలైంది, ఆయన కుడి పాదం కొంత తెగిపోయింది. ఇంకొకరైతే ఆట మానేసేవాళ్లు. ఆయన ఆసుపత్రి మంచం మీదే ఇంజన్ని డ్రైవరు వెనక్కి మార్చడం గురించి ఆలోచించి, అలాంటి బండి కట్టి, 1971లో పొమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్ అనే పెద్ద పోటీ గెలిచాడు. అంతకుముందు ఒకరిద్దరు ప్రయత్నించినా ఎవరికీ సరిగ్గా కుదరలేదు. కొన్నేళ్లలోనే మిగతావాళ్లంతా ఆయన దారే పట్టారు, ఆ మార్పు వల్ల ఎందరు డ్రైవర్లు బతికి బయటపడ్డారో.

రేసర్ షిర్లీ మల్డౌనీ గురించి మీ కథనంలో ఒక్క ముక్క లేకపోవడం నాకు ఇంకా బాధ కలిగించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ వీధుల్లో రేసులు ఆడిన అమ్మాయి, స్ట్రిప్‌కి వచ్చి, నైట్రోతో నడిచే డ్రాగ్‌స్టర్ల పై తరగతి అయిన టాప్ ఫ్యూయల్‌లో లైసెన్సు పొందిన మొదటి మహిళ అయింది, 1977, 1980, 1982లో మూడుసార్లు ఛాంపియన్ అయింది. వీధి నుంచి స్ట్రిప్‌కి నడిచిన దారికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

డబ్బున్నవాళ్ల ఆట అనుకుంటారేమో, అదీ కాదు. బ్రాకెట్ రేసింగ్‌లో మీ కారు పావు మైలుకి ఎంత సమయం తీసుకుంటుందో మీరే ముందు చెబుతారు, నెమ్మది కారుకి ఆ తేడా ప్రకారం బయలుదేరమనే లైటు ముందుగా వెలుగుతుంది. చెప్పిన సమయం కంటే వేగంగా వెళ్తే మీరు ఓడిపోయినట్టే. దాంతో కూరగాయలు తెచ్చుకునే స్టేషన్ వ్యాగన్ కూడా పెద్ద ఇంజన్ కారుని ఓడించొచ్చు, లైటు చూసి కాలు కదిపే చురుకుదనం ఉంటే చాలు.

ఇప్పుడు ఆ స్ట్రిప్పులు ఒక్కొక్కటే పోతున్నాయి. న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్‌లో 2018లో డ్రాగ్ రేసులు ఆపేశారు, టెక్సస్‌లోని హ్యూస్టన్ స్ట్రిప్ 2022లో మూతపడింది, కొలరాడోలో 1958 నుంచి నడిచిన బాండిమీర్ స్పీడ్‌వే 2023తో ఆగిపోయింది. స్థలాల ధరలు, కొత్తగా లేచిన ఇళ్లు, చప్పుడు మీద ఫిర్యాదులు, ఎక్కడ విన్నా ఇవే కారణాలు. ఇళ్లవాళ్ల బాధ నిజమే, కానీ స్ట్రిప్ మూసేస్తే ఆ కుర్రాడు కారు అమ్మేసుకోడు, మళ్లీ రోడ్డు మీదకే వస్తాడు. నగరాల్లో కూడళ్లు ఆక్రమించి టైర్లు కాల్చే గుంపుల వార్తలు మీరే వేస్తున్నారు కదా, ఆ వార్తల పక్కన ఈ మాట కూడా ఒకసారి రాయండి.

కాలిఫోర్నియాలో ఉన్న మన తెలుగువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, బేకర్స్‌ఫీల్డ్ దగ్గర ఫామోసోలో మార్చి మీట్ జరుగుతుంది, 1959లో మొదలైన పోటీ అది, పాత తరహా బండ్లే పరిగెత్తుతాయి. పిల్లల్ని తీసుకెళ్లండి, పిట్స్‌లోకి, అంటే బండ్లు సిద్ధం చేసుకునే చోటికి, వెళ్తే ఇంజన్ విప్పుతున్న పెద్దవాళ్లు అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెబుతారు. చెవులకి మాత్రం ఇయర్‌ప్లగ్స్ తప్పకుండా పెట్టండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాలిఫోర్నియా